దండెం మీది తేనెపట్టు

పటేల్‌గూడ,
బుధవారం

ఎంతో ప్రేమతో, కాస్త కోపంతో మీకు,

ఫోన్‌లో మీరు నా మాట పూర్తి కానివ్వరు, అందుకే రాస్తున్నాను. బాల్కనీలో బట్టలారేసే దండేనికి తేనెటీగలు పెట్టిన పట్టుని పొగబెట్టి తీసెయ్యమని వాచ్‌మన్ యాదన్నకి చెప్పారట. అత్తయ్య వస్తున్నారు, ఆవిడకి భయం అన్నారట. కాగడాతో వచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపేశాను. "సారే చెప్పిండమ్మా, నేనేం జెయ్యాలె?" అన్నాడు. సారుకి నేను చెప్పుకుంటానని పంపేశాను.

మీకు తెలియనిదొకటి చెప్పాలి. అయిదో నెలలో కడుపు పోయాక మీరు నాలుగు రోజులుండి, ప్లాంటు పనిమీద వేరే ఊళ్లో సైటుకి వెళ్లిపోయారు. మళ్లీ పుడతారులే అని అందరూ అన్నారు, మీరూ అన్నారు. ఆ మాటకి నా ప్రాణం చివుక్కుమంది. ఆ తర్వాత నేను మంచం దిగలేదు. వంట చేస్తున్నానని మీకు ఫోన్‌లో చెప్పినవన్నీ అబద్ధాలే.

ఒకరోజు ఎప్పుడో ఆరేసి మరిచిపోయిన చీర తీయబోతే ఈ పట్టు కనబడింది, అరచెయ్యంత. ఫోన్‌కి తగిలించే చిన్న లెన్సు తెప్పించుకున్నాను. దాంతో ఫొటో రావాలంటే రెండంగుళాల దగ్గరికి వెళ్లాలి. మన ఊపిరి తగిలితే ఈగలు రేగుతాయి కాబట్టి మూతికి తువ్వాలు కట్టుకోవాలి. చెయ్యి వణికితే అంతా మసకే. మొదట్లో అన్నీ మసకే వచ్చాయి. ఇప్పుడు ఈగ కంటిమీది వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి. కంటిమీద వెంట్రుకలేమిటని మీరు నవ్వుతారు, ఫొటో చూశాక నవ్వండి. వాటికోసమే పొద్దున్నే లేస్తున్నాను, అన్నం తింటున్నాను. పట్టు జోలికి ఎవర్నీ రానివ్వను.

మీ
శ్రావ్య


పటేల్‌గూడ,
ఆదివారం

నాయనా మహేంద్రా,

అమ్మ దీవెనలు, వాటితోపాటు నాలుగు చీవాట్లు కూడా అందుకో. నాకు తేనెటీగలంటే భయమని నీకెవడు చెప్పాడ్రా? నీ భయానికి నా పేరు పెట్టకు. నేనొచ్చి వారమైంది, వచ్చిన మర్నాటి నుంచీ శ్రావ్య ఫొటో తీస్తుంటే గొడుగు పట్టుకుని నిలబడేది నేనే. ఎండ సూటిగా పడితే ఫొటో పాడవుతుందట.

కానీ ఒక ఘోరం జరిగింది. శుక్రవారం కదా అని ఇల్లంతా సాంబ్రాణి ధూపం వేశాను. తేనెపట్టు ఇంటికి లక్ష్మి అని బాల్కనీలో ఇంకాస్త ఎక్కువే వేశాను. యాదన్న చేత నువ్వు పెట్టించబోయిన పొగ భక్తిగా నేనే పెట్టాను. కాసేపటికి అన్నీ లేచిపోయాయి. ఈ పిల్ల మళ్లీ మంచమెక్కితే నీకు ఏ మొహం చూపించనని అక్కడే కూలబడ్డాను.

శ్రావ్య వచ్చి ఖాళీ పట్టుని చూసింది. నా పక్కన కూర్చుని, బిడ్డ పోయాక మొదటిసారి నా ముందు ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత మొహం కడుక్కుని, "ఎక్కువ దూరం పోయుండవత్తయ్యా, వెతుకుదాం పదండి," అంది. నేను దగ్గరికొస్తే ఇకమీదట సాంబ్రాణి వాసన కూడా రాకూడదని నాకు షరతు పెట్టింది.

ఇంటి దగ్గరి మీ ప్లాంటు గోడ వెంబడి తుమ్మచెట్లన్నీ గాలించాం. ఈగలు దొరకలేదు. మీ ఆవిడ మాత్రం గడ్డిలో మోకాళ్లమీద కూర్చుని, పేరు తెలియని పురుగులన్నిటికీ ఫొటోలు తీసింది. రేపు గుమ్మడిదల చేలల్లో చూద్దామంటోంది. వెళ్తున్నాం.

ఈగల సంగతి మేం చూసుకుంటాం. నువ్వు సెలవు పెట్టి రా. పోయిన బిడ్డ కోసం నువ్వింకా ఏడవలేదు. వచ్చి శ్రావ్య పక్కన కూర్చుని ఏడువు.

మీ అమ్మ
బుల్లెమ్మ