గడప దగ్గర ఆగిన ఇల్లు

నిజామాబాద్,
ఫాల్గుణం, శుక్రవారం.

తమ్ముడు రాజారాంకు,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ అందరం ఎవరి పని వాళ్లం చేసుకుంటూ, వేళకు తింటూ ఉన్నాం. నీ ఒంట్లో కూడా అట్లాగే బాగుండాలని రోజూ దీపం ముందు అనుకుంటాను.

మస్కట్ నుంచి విష్ణు తెచ్చిన నీ ఉత్తరం చేరింది. రోజూ ఫోను ఉండగా ఉత్తరాలెందుకని మీ బావ నవ్వాడు. నీ గదిలో నీ పక్కన మనుషులుంటారు. ఇక్కడ నా పక్కన నీ బిడ్డ స్నేహలత ఉంటుంది. కొన్ని మాటలు ఫోనులో ఇమడవు. విష్ణు సోమవారం మస్కట్ తిరిగి వెళ్తున్నాడు కాబట్టి అతని చేతికే ఇది ఇస్తున్నాను. పసుపు, చింతకాయ తొక్కు కూడా కట్టి ఇచ్చాను.

నీ బిడ్డ లాప్‌టాప్ గురించే నువ్వు ఎక్కువ రాశావు. దానికి జవాబు మొన్న బుధవారం పొద్దుటి నుంచి రాయాలి.

ఆ పొద్దున అన్ని రోజుల్లాగే లేచాను. వాకిలి ఊడ్చి ముగ్గు వేశాను. నల్లా వస్తే బిందెలు నింపుకున్నాను. తులసి దగ్గర దీపం పెట్టి, లోపలికి వచ్చి జొన్నరొట్టెలు చేస్తుంటే స్నేహ పక్కన కూర్చుని డబ్బాలో వంకాయ కూర సర్దింది. మీ బావ పేపరు పట్టుకుని, చదవకుండా, బల్ల మీద ఉన్న, నువ్వు తెచ్చిన లాప్‌టాప్‌ను చూస్తున్నాడు. షుగర్ ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద రోలర్ల నడుమ బతికిన మనిషి. ఇనుము కనబడనిదేదీ ఆయనకు మిషన్ కాదు.

“గింత పల్సగున్నదేందే పిల్లా! మీ అత్త రొట్టె గూడ దీనికంటె దొడ్డుగుంటది” అన్నాడు.

“గిది లాప్‌టాప్ మీద మాటనా, నా రొట్టె మీద మాటనా?” అన్నాను.

“నిన్నెవలంటరు? అన్నంక బువ్వెవలు వెడ్తరు?”

స్నేహ నవ్వుకుంటూ దాన్ని సంచిలో పెట్టుకుంది.

ఇళ్ల ప్లాన్లు గీసే దిలీప్ ఆఫీసులో ఆమె చేసే పని నువ్వు ఫోనులోనే చూశావు. ఆటలో మనిషి నడిచినట్టు, ఇంకా కట్టని ఇంట్లో మనిషిని నడిపిస్తుంది. గేటు తీసుకుని లోపలికి పోవచ్చు, గది గదీ తిరగవచ్చు. ఆ పని మామూలు లాప్‌టాప్‌తో కాదు, ఆటలాడే రకం కావాలనే నిన్ను అడిగింది. ఇన్నాళ్లూ వేరేవాళ్లు గీసిన ఇళ్లకు రంగులు వేసేది. ఈసారి మొదటి నుంచి చివరిదాకా ఆమె ఒక్కతే చేసిన ఇల్లు. బోధన్ అవతల కాలువ కింద చెన్నకేశవరావు గారిది. వాళ్ల తాతలు గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడ చెరకు వేసుకుని స్థిరపడ్డారు. బుధవారం శంకుస్థాపన. ముహూర్తానికి ముందు ఇల్లు చూపిస్తే, ఇంటావిడ సరేనన్నాక కొబ్బరికాయ కొడతారని మాట.

బోధన్ శివాలయానికి పోయి చాలా రోజులైంది. దర్శనం అవుతుందని నేనూ బయలుదేరాను. బస్సులో స్నేహ సంచి నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆ రోజు అది తేలికగా ఉంది. కిటికీ బయట చెరకు కొట్టిన మళ్లు, కాల్చిన ఆకు వాసన.

స్థలంలో టెంటు వేశారు. అప్పటికే ఎండ ముదిరింది. చెన్నకేశవరావు గారి భార్య హనుమాయమ్మ గారు నా ఈడు మనిషి. స్నేహ లాప్‌టాప్ తీసి కుర్చీ మీద పెట్టబోతే ఆపారు.

“ఉండమ్మాయ్. మా ఇల్లు అందులోనే ఉందిగా? వట్టి కుర్చీ మీద పెడతావేంటి?”

ఎర్ర పట్టు జాకెట్టు ముక్క తెచ్చారు. నాకు కూడా అదే సబబనిపించింది. ఇద్దరం చెరొక కొసా పట్టుకుని మడత మీద మడత పరిచాం. లాప్‌టాప్‌ను దాని మీద కూర్చోబెట్టి, మూతకు ఆమె పసుపు రాశారు, నేను కుంకుమ పెట్టాను. స్నేహ ఏదో అనబోయింది. పెద్దవాళ్లం ఇద్దరం దండం పెడుతుంటే ఊరుకుంది.

ఇల్లు మొదలైంది. గేటు తెరుచుకుంది. వరండా దాటాం. హాలు కిటికీలోంచి వాళ్ల చెరకు తోటే కనబడేలా చేసింది నీ బిడ్డ. వంటిల్లు వచ్చినప్పుడు హనుమాయమ్మ గారు తెరకు చెయ్యి ఆనించి, గట్టు తన నడుముకు వస్తుందా లేదా అని కొలుచుకున్నారు.

“ఆ సోఫాలు కూడా మీరే ఇస్తారా అమ్మా?” అని చెన్నకేశవరావు గారు వేళాకోళం చేశారు.

అంతలో లాప్‌టాప్ లోపల సన్నగా ఈల మొదలైంది. బొమ్మ తడబడింది. ఒక అడుగు వేస్తుంది, నిలుస్తుంది. మెల్లగా దేవుడి గది దాకా వచ్చింది. గడప దగ్గర ఆగిపోయింది. లోపల దీపం కనబడుతూనే ఉంది, అడుగు మాత్రం పడదు.

హనుమాయమ్మ గారు లేచి నిలబడ్డారు. “ఏంటది? దేవుడి గడప దగ్గరే ఆగిందేంటి?”

“కాళ్లు కడుక్కుని రమ్మంటున్నాడేమోలే” అన్నారు చెన్నకేశవరావు గారు.

“మీకన్నీ హాస్యాలే! లోపలికి రానివ్వట్లేదండీ ఆయన.”

స్నేహ గబగబా పట్టుగుడ్డ లాగేసింది. లాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి చూశాను, పెనంలా ఉంది. అట్టముక్కతో విసిరాం. చల్లారనిచ్చి మళ్లీ గేటు దగ్గర నుంచి మొదలుపెట్టింది. మళ్లీ వరండా, హాలు, వంటిల్లు. మళ్లీ ఆ గడప దగ్గరే ఆగింది.

పూజ చేయించే అయ్యగారు గడియారం చూసుకుంటున్నారు. నేను అన్నాను: “అమ్మా, దేవుడెందుకు ఆపుతడు? గాలాడక మిషినాగింది. గుడ్డ వర్సింది మనమిద్దరమే గదా.”

“మొదటిసారి గుడ్డే అనుకున్నానండీ. తీశాక కూడా అక్కడే ఆగిందిగా వదినగారూ. మా మామగారు కట్టిన ఇల్లు కూడా దేవుడి గదికి కప్పు పడకుండానే నాలుగేళ్లు నిలిచిపోయింది. మళ్లీ అదే చూస్తూ కొబ్బరికాయ ఎలా కొట్టను?”

ఆమె కోప్పడలేదు. పులిహోర పెట్టి, తిన్నదాకా పక్కనే కూర్చున్నారు. ముహూర్తం మాత్రం దాటిపోయింది. ఉగాది తర్వాత ఇంకోటి ఉందట. అప్పటికి ఇల్లంతా ఎక్కడా ఆగకుండా చూపిస్తే సరే, లేకపోతే వేరే ఆఫీసుకు పోతామని చెన్నకేశవరావు గారు మెత్తగానే చెప్పారు. దిలీప్ మెత్తగా చెప్పలేదు. “గీ ఇల్లు వోతే మళ్ల నీకు ఒంటరిగ పని అప్పజెప్పుడుండదు స్నేహా. రంగులే వేసుకో” అన్నాడు ఫోనులో. పక్కన ఉన్న నాకూ వినబడింది.

శివాలయానికి పోలేదు. బస్సెక్కాం.

నువ్వు అడిగిన మిగతా వాటికి కూడా ఇక్కడే రాసేస్తాను. కమ్మర్‌పల్లిలో మీ పసుపు తవ్వడం అయిపోయింది, ఉడకబెట్టడం నడుస్తోంది. నీ చిన్నది లాస్య కాలేజీ లేనప్పుడు తల్లి సుకన్యకు తోడు పోతోంది. సుకన్య దగ్గు తగ్గింది. మీ బావ చుట్ట మానలేదు. మానాడని నీకు రాయమన్నాడు. నా మోకాళ్ల గురించి అడగకు.

ఇక అసలు మాట.

బస్సులో స్నేహను అడిగాను, ఇది చెడిపోయిందా అని. “చెడలే అత్తా. లోపలి సామానంత మంచిదే. దొడ్డుదాంట్ల ఏముంటదో గిండ్ల గూడ అదే ఉంది. గట్టి పని చెప్తె వేడెక్కుతది. గింత పల్సటి దాంట్ల పెద్ద ఫ్యాను వట్టది, వేడి వోయే తొవ్వ లేదు. కాలిపోకుండ అదే జోరు తగ్గించుకుంటది. దాని తప్పేం లేదు” అంది. ఏసీల పని చేసేవాడివి, నాకంటే నీకే బాగా తెలుసు. పెద్ద యూనిట్‌ను ఇరుకు సందులో బిగిస్తే ఏమవుతుందో నువ్వే ఒకసారి చెప్పావు.

ఆమెకు ఇది బుధవారం తెలిసింది కాదు. నువ్వు సెలవు అయిపోయి విమానమెక్కిన వారంలోనే తెలిసింది. దిలీప్ ఆఫీసులో ఒక పాత లాప్‌టాప్ ఉంది, ఇటుక లాంటిది. పనికి అదే వాడుకుంటోంది. కార్తీకంలో ఒకరోజు ఊడుస్తూ ఆమె సంచి పక్కకు జరపబోతే లేవలేదు. తెరిచి చూస్తే రెండున్నాయి. ఆ దొడ్డుది పని కోసం. నీది నీ కోసం. మధ్యాహ్నం అన్నం వేళ నువ్వు ఫోను చేసి “లాప్‌టాప్ తెరువు బిడ్డా, సూస్త” అంటావు కదా. అప్పుడు తెరిచి చూపించడానికి రోజూ దాన్ని కూడా మోసుకుపోతోంది.

“బాపుకు జెప్పకత్తా” అంది. “యూనిట్లు మోసి మోసి ఆయన భుజం ఒక దిక్కు వంగిపోయింది. నా భుజం మీద బరువుండొద్దనే గింత పల్సటిది ఏరుకొని తెచ్చిండు. ఎట్ల జెప్త?”

నేను చెప్పలేదు. నువ్వు ఫోనులో మంచిగ నడుస్తుందా అక్కా అన్నప్పుడల్లా నడుస్తోందనే అన్నాను. ఆ మాట అన్న రోజు దీపం ముందు ఎక్కువసేపు కూర్చునేదాన్ని. కూర్చున్నంత మాత్రాన తేలిక కాలేదు.

బుధవారం సంచి ఎందుకు తేలికగా ఉందో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. మొదటి ఇల్లు దాని మీద చూపించి ఫోటో పంపమని నువ్వు రాశావు. రెండూ తీసుకుపొమ్మన్నాను. “ఇయ్యాల బాపు తెచ్చిన దాంట్లనే సూపిస్త అత్తా. ఒక్క పావుగంటనే గదా” అంది. దొడ్డుదాన్ని మంగళవారమే ఆఫీసులో ఉంచి వచ్చింది. నీ తప్పని రాయడం లేదు. ఆమె తప్పు కూడా కాదు.

రోజూ రెండు మోసి పిల్ల అలసిపోయింది. చూసి చూసి నేనూ అలసిపోయాను. అక్కడ నువ్వెట్లా ఉంటావో నాకు తెలియనిది కాదు.

ఆ సాయంత్రం దీపాలయ్యాక అందరం కూర్చున్నాం. సుకన్య, లాస్య ఫోనులో ఉన్నారు.

“ఆయనకు జెప్పకుండ్రి వదినె” అంది సుకన్య. “జెప్తె ఇంకోటి కొంటనంటడు. ఎండల ఓవర్టైం జేసి మరీ కొంటడు. నాకెర్కే గాయన సంగతి.”

“దీన్ని అమ్మి దొడ్డుది తెస్తె అయిపాయె. దీనికి పంచాయితెందుకు?” అన్నాడు మీ బావ.

“బాపు తెచ్చింది నేనమ్మను మామా.”

“అమ్మవు, వాడవు. దేవుని పటం లెక్క గోడకు గొడ్తవా?”

ఫోనులోంచి లాస్య గొంతు వచ్చింది. “గట్లయితె నాకియ్యుండ్రి! నేనేం ఇండ్లు గడ్తనా, పేలాలు వేపుతనా? రాసుకుంట, చదువుకుంట. ఆర్మూర్ ఆటోల ఆరుగురి నడుమ ఇరికి కూసుంట, నాకు గసొంటి పల్సటిదే గావాలె.”

“నీ కన్ను మొదటి నుంచి దాని మీదనే ఉన్నది” అంది స్నేహ. ఆ రోజంతా అయ్యాక అప్పుడు నవ్వింది.

తర్వాత అందరూ నా వైపు చూశారు. నేను మాట్లాడేదాకా మీ బావ టీవీ కూడా పెట్టలేదు. అనుకున్నది ఇది.

నువ్వు తెచ్చింది లాస్యకు పోతుంది. ఎవరికీ అమ్మం. నీకు ఈ ఉత్తరం చేరేలోపు దొడ్డుది స్నేహ తన జీతం మీద తనే కొనుక్కుంటుంది. నువ్వు ఇంకోటి పంపకూడదు, దాని కోసం ఒక్క గంట కూడా ఎక్కువ పని చేయకూడదు. ఇది నా మాట, సుకన్య మాట కూడా. కొన్నది బస్సులో తిరగదు. కిటికీ దగ్గర మీ బావ మంచం ఉన్న చోట బల్ల వేస్తాం. ఆయన గొణిగాడు, కానీ పొద్దున లేచేసరికి మంచం తనే జరిపాడు. ఇల్లు చూపించాల్సి వచ్చినప్పుడు, నడిచినదంతా ఇక్కడే సినిమాలా తయారుచేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయి వాళ్ల టీవీలోనే చూపిస్తుందట. దిలీప్‌ను అడిగితే సరేనన్నాడు. హనుమాయమ్మ గారికి నేను ఫోను చేశాను. ఉగాది తర్వాత నేనూ వస్తానని చెప్పాను. రండి, ఈసారి మీరే ముందు కూర్చోండి అన్నారు. ఆమె మనసు ఒప్పుతుందో లేదో ఆ రోజుకు గానీ తెలియదు.

చివరిది నీ గురించి. ఈ ఉత్తరం చేరేదాకా ఫోనులో ఈ సంగతి ఎత్తవద్దనుకున్నాం. అట్లాగని రేపటి నుంచి స్నేహ నీకు ఆ లాప్‌టాప్ తెరిచి చూపించదు. ఏదో ఒక వంక చెప్పి తన మొహమే చూపిస్తుంది. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఉత్తరం చదివిన రోజు చెయ్యకపోయినా ఫరవాలేదు, మర్నాడు ఫోను చెయ్యి. చేసి, కొత్తది ఎంత దొడ్డుగుంది బిడ్డా, సూపియ్యి అని నువ్వే ముందు అడుగు. అడుగుతావని ఆమెకు చెప్పి ఉంచాను.

ఇట్లు,
నీ మంచి కోరే పెద్దక్క
తారాబాయి