గుండెజారుడు మొదటి రౌండు

తండా నుంచి,
శనివారం.

సౌందర్య వాళ్ళ బాపుకి,

లత నమస్కారాలు. ఇక్కడ అత్తమ్మ, సౌందర్య, నేను, ఇంటి ముందు కట్టేసిన రెండు మేకలు, అందరం బాగానే ఉన్నాం. ఆ చలిలో, ఆ గుట్టల మీద నువ్వూ నీ తోటివాళ్ళూ బాగున్నారని అనుకుంటేనే నాకు ముద్ద దిగుతుంది. నీ ఉత్తరం అందింది. సౌందర్య పైకి చదివి వినిపించింది. నాకని రాసిన నాలుగు ముక్కలు మాత్రం నేనే విడిగా చదువుకున్నాను.

అత్తమ్మ మోకాలు ఎట్లా ఉందని అడిగావు. మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయాను. గోలీలు ఇచ్చారు, ఎక్కువ నడవొద్దన్నారు. మీ అమ్మ సంగతి నీకు తెలియనిదేముంది! నీళ్ళకు పొమ్మంటే మోకాలు నొప్పి. తండా అవతలి కొసలో ఎవరైనా కొట్లాడుకుంటున్నారంటే మాత్రం అందరికంటే ముందు అక్కడుంటుంది. సౌందర్య లెక్కల్లో పర్వాలేదు, ఇంగ్లీషే నీ పోలిక.

ఇంకొకటి అడిగావు, ఫోన్‌లో ఎందుకు ముక్తసరిగా మాట్లాడుతున్నానని. దానికి జవాబు ఉంది. అత్తమ్మ పక్కన ఉండగా చెప్పలేకపోయాను. అదీగాక నీకు సిగ్నల్ దొరికేదే కాసేపు, అందులో సగం నువ్వు హలో హలో అనడానికే సరిపోతుంది. అందుకే రాస్తున్నాను. చదువుతూ కంగారు పడకు అని రాయాలని ఉంది కానీ పడతావు. నేనూ భయపడుతూనే రాస్తున్నాను.

ముందు నీ ఎగతాళికి జవాబు చెప్పనీ. “మీ పార్కోళ్ళు ఒక్క ఊయల పెట్టనీకి గన్ని రోజులు ముచ్చట పెడ్తరా, మేం గుట్ట మీద చౌకీ కట్టనీకి గూడ గంత ఆలోచన చెయ్యం” అని రాశావు కదా. అవును, చేస్తారు. మా ఆటల పార్కు తెరిచిన ఏడాది ఇటు భూపాలపల్లి నుంచి, అటు జనగామ నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. మరుసటి ఏడు వాళ్ళే “చూసిందే కద” అని ఇంట్లో కూర్చున్నారు. జనం మళ్ళీ రావాలంటే కొత్తది ఏదో ఒకటి పెట్టాలి. ఏది పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తెరవాలి, ఈ మూడింట్లో ఏది తప్పినా పెట్టిందంతా మట్టిపాలే.

మా మేనేజర్ గౌతమ్ సారు హైదరాబాద్ నుంచి వచ్చినవాడు, ఇదే పని చదువుకున్నాడు. టికెట్లు చింపే నన్ను పిలిచి, “లతగారూ, మీరు రోజంతా జనాన్ని చూస్తుంటారు. వాళ్ళు ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ వెనక్కి తిరుగుతున్నారో గమనించి చెప్పండి” అన్నాడు. ఇక చూడు, ఎండలో గొడుగేసుకుని పార్కంతా నేనే. ఎవరి పిల్ల ఏడుస్తోంది, ఏ తాత చెప్పులు విప్పి కూలబడ్డాడు, ఏ ఆట దగ్గర వరస కదలక జనం విసుక్కుంటున్నారు, అన్నీ చూశాను. నాకు ఆ పని బాగా నచ్చింది. నీకు చెప్పలేదు కానీ గొప్పగా కూడా అనిపించింది.

తర్వాత మీటింగు పెట్టారు. మా సేటు సోమనర్సయ్య రైసుమిల్లు నుంచి పార్కులోకి దిగినవాడు, ఆయనకు అన్నీ గేటు దగ్గరే ఉండాలి. “గేటు కాడ పెడ్దాం. రోడ్డు మీద పోయేటోడు బస్సాపి దిగాలె” అన్నాడు.

నా నోరు ఊరుకుంటుందా? “గేటు కాడ పెడితే గక్కడ్నే ఎక్కి గక్కడ్నించే మళ్ళుతరు సేటు. ఇప్పటికే బజ్జీల బండి కాడికి రాంగనే నీడ అయిపోతది, పిల్లలు నీళ్ళడుగుతరు, ఇగ పోదాం పా అంటరు. ఎనక ఉన్న రైలుబండి, బోటు ఒట్టిగ తిరుగుతున్నయి. కొత్తది గా కొసకు పెట్టాలె. దాన్ని చూడనీకన్న లోపలిదాంక నడుస్తరు” అన్నాను.

“నీడకు దారి పొడుగునా రేకులు వేద్దాం. ఆ కొస పక్కనే రైలు పట్టాలు, అక్కడ పెడితే దాని పైభాగం రైల్లో వెళ్ళేవాళ్ళకు కూడా కనిపిస్తుంది” అన్నాడు గౌతమ్ సారు. రైలు మాట వినగానే సేటు మెత్తబడ్డాడు.

ఎప్పుడు తెరవాలన్నదీ నేనే చెప్పాను. గౌతమ్ సారు దసరా అన్నాడు. నేను వద్దన్నాను. మిర్చి అమ్ముకున్నాక మనవాళ్ళ చేతిలో డబ్బులుంటాయి, చేలల్లో పనులుండవు, బడులు మూస్తారు, పెళ్ళిళ్ళకు చుట్టాలు దిగుతారు. మృగశిర వచ్చిందంటే మళ్ళీ ఎవరి కాలూ చేను దాటదు. అందుకని సెలవులు ఇవ్వగానే వచ్చే మొదటి ఆదివారం తెరవాలన్నాను. అందరూ తలలూపారు. ఆ ఆదివారం రేపే.

పెట్టింది ఏమిటంటే, నిలువుగా ఒక ఇనుప స్తంభం. దాని చుట్టూ ఎనిమిది సీట్లు. మెల్లగా పైకి తీసుకుపోతుంది, పైన కాసేపు ఆపుతుంది, అక్కడినుంచి ఒక్కసారిగా కిందికి వదిలేస్తుంది. బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పేరుంది కానీ పనివాళ్ళంతా దాన్ని గుండెజారుడు అంటున్నారు. వేరే రాష్ట్రంలో మూతపడ్డ పార్కు నుంచి కొనుక్కొచ్చారు. జనగామ బస్టాండు నుంచి భూపాలపల్లి దాకా గోడల మీద దాని బొమ్మే.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త ఆట తెరిచిన రోజు మొదటి రౌండులో మా పార్కు పనివాళ్ళ పిల్లలే కూర్చుంటారు. నీకు గుర్తుందో లేదో, మొదటి ఏడు రంగులరాట్నం ఎక్కడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. అప్పుడు సేటు మా పిల్లల మెడల్లో దండలు వేసి ఎక్కించాడు. “మా పిల్లల్నే కూసోపెట్టినం, మీకేం భయం” అని మైకులో చెప్పాడు. జనం ఎగబడ్డారు. అప్పటినుంచి అదే ఆనవాయితీ. కూర్చున్న పిల్లలకు బ్యాగులు ఇస్తారు, పేపరులో ఫోటో వస్తుంది, అందుకని తల్లులు నా బిడ్డను పెట్టమంటే నా బిడ్డను పెట్టమని పోటీ పడతారు. పోయినసారి బోటులో మన సౌందర్య కూర్చుంది కదా, ఆ ఫోటో నీకు పంపాను. ఈసారి పేర్లు పోగుచేసే పని నాకే ఇచ్చారు. అందరికంటే ముందు సౌందర్య పేరు రాయించాను.

పోయిన వారం సీట్లలో ఇసుక బస్తాలు కట్టి నడిపి చూశారు. నేను అక్కడే ఉన్నాను. పైకి పోయింది, ఆగింది, జారింది. జారుతున్నప్పుడు ఒక సీటుకు అడ్డంగా ఉండే కడ్డీ పైకి లేచింది. బస్తా ఎగిరి అంత ఎత్తు నుంచి సిమెంటు మీద పడి పగిలింది. చప్పుడు పెద్దగా రాలేదు. ఇసుక మాత్రం నా కాళ్ళ దాకా వచ్చింది. ఆ బస్తా ఇంచుమించు సౌందర్య అంత ఉంటుంది.

ఫిట్టరు వీరస్వామన్న ఆ కడ్డీ లాకు మొత్తం మార్చాడు. మళ్ళీ నడిపారు. రోజంతా నడుపుతూనే ఉన్నారు, మర్నాడూ నడిపారు. ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. నల్లా దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి అడిగాను, “ఇగ మంచిగైందా అన్నా?” అని. ఆయన నా ముఖం చూడకుండా, “ఇప్పుడైతే మంచిగనే ఉంది చెల్లె. గని గప్పుడు ఎందుకు తెరుచుకుందో నాకు సమజైతలేదు. తీసిన లాకుల ఏ దోషం కనపడలే” అన్నాడు.

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. కుక్కర్ మూత బిగించి మళ్ళీ మళ్ళీ లాగి చూస్తున్నాను. బడి ఆటోలో సౌందర్య ఎక్కితే అది కదిలే దాకా దాని పక్క కడ్డీ పట్టుకుని నిలబడుతున్నాను. డ్రైవరు విసుక్కుంటున్నాడు. ఎందుకు తెరుచుకుందో తెలిస్తే, మార్చారు కాబట్టి మళ్ళీ కాదని నమ్మేదాన్ని. తెలియనప్పుడు ఏమని నమ్మాలి?

ఊరుకున్నానని అనుకోకు. గౌతమ్ సారుకు చెప్పాను. ఆయన ముఖం కూడా పాలిపోయింది. ఇద్దరం సేటు దగ్గరికి పోయాం. కొన్ని రోజులు ఆగుదాం సేటూ అన్నాను.

సేటు కోప్పడలేదు. నవ్వాడు. “మార్చినంక తెరుచుకుందా? లేదు కద. కాగితాలన్నీ అయినయి, పోస్టర్లు పడ్డయి. మొదటి ఆదివారమే తెరవాలె, ఆగితే మృగశిర మీద పడతది అని చెప్పింది ఎవరు లతమ్మా? నువ్వే కద! కొసకు పెట్టమంది నువ్వే, గీ తారీకు చెప్పింది నువ్వే. ఇప్పుడు నువ్వే పరేషాన్ అయితే ఎట్ల?”

గౌతమ్ సారు ఫోన్ వంక చూసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. పెద్ద పెద్దవాళ్ళ మధ్య నా మాట చెల్లిందని మురిసిపోయాను చూడు, సేటు ఆ మాటతోనే నన్ను కట్టేశాడు.

ఇక రాయక తప్పదు. మర్నాడు పొద్దున పనికి పోయి, సౌందర్యకు జ్వరం, ఆదివారానికి తగ్గేట్టు లేదని చెప్పాను. మన బిడ్డకు ఏ జ్వరమూ లేదు. ఆ సమయంలో అది ఇంటి ముందు తాడాట ఆడుతోంది. పేరు కొట్టేశారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ సీటు ఖాళీగా ఉంచరు కదా. “ఇంకెవరి పిల్లనన్న చెప్పు” అన్నారు. పక్కనే చంద్రి ఊడుస్తోంది. మన తండా చంద్రే, ఆటో నడిపే టీక్యా పెళ్ళాం. బోటు పెట్టినప్పుడు కూడా తన బిడ్డను పెట్టమని బతిమాలింది, చోటు దొరకలేదు. చీపురు పట్టుకుని ఆశగా నా వంక చూసింది. నేను ఆమె కూతురు శిరీష పేరు చెప్పాను.

చెప్పాను, అంతే. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నా బిడ్డను దింపి ఆ సీట్లో చంద్రి బిడ్డను ఎక్కించాను. నిన్న చంద్రి గిన్నె నిండా పాయసం తెచ్చింది, “నువ్వు నా అక్కవే” అంది. శిరీషకు కొత్త అద్దాల లంగా తొడిగి తీసుకొచ్చి, గుండ్రంగా తిప్పి చూపించింది. సౌందర్య ఆ పాయసం తింటుంటే చూడలేక మేకల దగ్గరికి పోయి కూర్చున్నాను.

ఈ ఉత్తరం ఈరోజు డబ్బాలో వేసినా సోమవారం దాకా కదలదు. నీకు చేరేసరికి రేపటిది అయిపోయి ఎన్నాళ్ళో అవుతుంది. అయినా రాస్తున్నాను. రేపు ఏం జరిగినా, జరగకముందు నేను ఏం చేశానో నీకు నా చేతి రాతతోనే తెలియాలి. నువ్వు తుపాకీ పట్టుకుని నిలబడేచోట నీకు ఎంత భయమేస్తుందో ఎప్పుడూ చెప్పవు. భయం మనిషి చేత ఎలాంటి పని చేయిస్తుందో నాకు ఇప్పుడు తెలిసింది. ఇక్కడ ఆపి చంద్రి ఇంటికి పోతున్నాను.

పోయి వచ్చాను.

చంద్రి బియ్యం చెరుగుతోంది. నిలబడే అంతా చెప్పాను, బస్తా సంగతి, వీరస్వామన్న మాట, అన్నీ. చాట కింద పెట్టింది.

“నీ బిడ్డకు జొరం అన్నవు కద.”

“లేదు.”

“ఎరుకుండే నా బిడ్డను ఇచ్చినవా?”

“ఎరుకుండే ఇచ్చిన.”

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. లేచి లోపలికి పోయింది. శిరీష ఏడుపు వినిపించింది, కొత్త లంగా విప్పించినట్టుంది. చాలాసేపటికి బయటికి వచ్చి గుమ్మంలో కూర్చుంది. తిట్ల కోసం ఎదురుచూస్తున్నాను. ఆమె ఒకే ఒక్క మాట అడిగింది.

“కడమ పిల్లల తల్లులకు ఎవరు చెప్పిన్రు?”

ఎవరూ చెప్పలేదు. ఎనిమిది సీట్లు కదా. ఇన్ని రోజులూ నాకు మన బిడ్డ కనపడింది, తర్వాత చంద్రి బిడ్డ కనపడింది. బజ్జీల బండి మణెమ్మ మనవడు, టికెట్ల కల్పన కొడుకు, మిగిలినవాళ్ళు, ఆ పేర్లన్నీ పోగుచేసింది నేనే, అయినా ఒక్కసారైనా నా తలపులోకి రాలేదు. ఆ కడ్డీ మళ్ళీ తెరుచుకుంటే ఏ సీటుది తెరుచుకుంటుందో ఎవరికి తెలుసు?

ఇప్పుడు చంద్రి నాతోపాటే వచ్చి మన గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు మణెమ్మ ఇంటికి పోదామంటోంది. సాయంత్రానికి సేటుకు తెలిసిపోతుంది, నా పని ఊడుతుంది, చంద్రి పనీ ఊడుతుంది. పిల్లలు ఎక్కకపోయినా సేటు రేపు ఆగుతాడో లేదో తెలియదు. నా భయం రవ్వంత కూడా తగ్గలేదు. చంద్రి తొందర పెడుతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమీ అనుకోకు.

వాళ్ళకు ఏమని చెప్పాలి, ఫిట్టరే సమజైతలేదన్నాడంటే నమ్ముతారా అని చంద్రిని అడిగాను. నమ్మరంది. “నీ బిడ్డను కూసోపెట్టనీకి భయమై జొరం అని అబద్ధం ఆడిన అని చెప్పు. గది చెప్తెనే నమ్ముతరు. ప్రతి ఇంట్ల గదే చెప్పాలె” అంది.

ఇట్లు,
సౌందర్య వాళ్ళ యాడి,
లత.