వాపసు వచ్చిన జున్ను

మార్చి 9, 1941
పొద్దున పెద్ద బర్రె ఈనింది. ఇల్లంతా జున్ను వాసన. మూడు రోజుల్లో జువాలజీ ప్రాక్టికల్... అమ్మ బెల్లం దంచుతుంటే ఏం చదివానో ఏమో.

బర్రె ఈనితే పాలు పోసే ప్రతి ఇంటికీ తొలి జున్ను పంపడం మా రివాజు. తాత కాలం నుంచీ ఉంది. ప్రొఫెసర్ సాబ్ ఇంటికి కూడా మేమే పోస్తాం. నా ఖర్మ కొద్దీ పరీక్ష తీసుకునేది ఆయనే.

ఎప్పుడూ దొడ్డి గుమ్మంలో ఇచ్చి వచ్చే బాపు ఈసారి ఉతికిన రుమాలు తలకు చుట్టుకొని పోయి ముందు దర్వాజా తట్టాడట. వచ్చి ఒకటే మురిపెం.

"మా పిలగాడు మీ తాన్నే పరీక్ష ఇస్తుండు సాబ్, జర దువా చేయున్రి అన్న. సాబ్ ఇని లోపలికి పోయిండు. గిన్నె నౌకరుకిచ్చిన."

"గట్ల ఎందుకన్నవ్ బాపూ?"

"దువా అంటే దీవెనే గద, అడిగితే తప్పేందిరా?"

నేను పుస్తకం ముందేసుకున్నాను.

మార్చి 10
గిన్నె వాపసు వచ్చింది. ఎవరైనా గిన్నె కడిగి, చిటికెడు చక్కెర వేసి పంపుతారు. ఇది నిండుగానే వచ్చింది. మూత కూడా తీయలేదు.

బాపు: "వాళ్లింట్ల తినరేమో. ముందుగాల అడగకపోతి." గల్లీ పిల్లలకు పంచిపెట్టాడు. నేను మాత్రం ముట్టలేదు.

మార్చి 12
ప్రాక్టికల్. కప్ప. గుండె దగ్గరి నాళాలు విడదీసి చూపాలి. పక్క బల్ల మీద సలీం. పురానాపూల్ వంతెన కింద మేమిద్దరం పట్టి కోసినన్ని కప్పలు క్లాసులో ఎవరూ కోసి ఉండరు. నష్తర్, అదే కోత కత్తి, ఎలా పట్టుకోవాలో వాడికి నేనే నేర్పాను.

ప్రొఫెసర్ సాబ్ వచ్చి నా దగ్గర ఆగాడు. కప్పను చూడలేదు. నన్ను చూశాడు. మెల్లగా — "దూద్ సే నంబర్ నై మిల్తే, మియా."

పాలతో నంబర్లు రావట.

అది మా రివాజు సాబ్, అందరిళ్లకూ పంపుతాం... ఇంతే చెప్పాలి. ఉర్దూలో నాలుగు మాటలు. ఫిజిక్స్ పుస్తకం మొత్తం ఉర్దూలో అప్పజెప్పే నోరు, ఈ నాలుగు మాటలకు పెగల్లేదు. సిగ్గేసింది. దేనికంటే — బాపు రుమాలుకు, ఆయన ఒంటి పేడ వాసనకు. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాసుకుంటాను.

మళ్లీ కప్ప మీదికి వంగాను. ఒక్క నాళం కూడా తెగలేదు.

ఏప్రిల్ 2
ఈ డైరీ తెలుగులో రాయడమే మంచిదైంది. కాలేజీలో చదివేవాడు లేడు. ఇంట్లో చదవగలవాడు లేడు.

జూన్ 6
రిజల్టు. ఫస్టు క్లాసు. జువాలజీ రాతపరీక్షలో క్లాసుకంతా నాదే పైన. ప్రాక్టికల్ — యాభైకి పంతొమ్మిది. సలీంకు నలభై ఒకటి. ఒకే చోటి కప్పలు, ఒకే కోత.

సలీం నా మొహం చూడలేక "కుచ్ గల్తీ హువీ హోంగీ యార్" అంటాడు. ఏదో పొరపాటు జరిగి ఉంటుందట! నిజానికి ఆ రోజు ప్రొఫెసర్ సాబ్ అన్న మాట వాడికీ వినబడింది. పక్క బల్లే కదా.

బాపు గల్లీ అంతా కోవా పంచాడు.

జూలై 8
మెడికల్ కాలేజీ జాబితా అంటించారు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. లేదు. పక్కన ఇంకో కాగితం — సీటు ఖాళీ అయితే పిలిచే వాళ్ల పేర్లు. అందులో రెండోది నాది. జాబితాలో చివరివాడికీ నాకూ తేడా మూడు నంబర్లు. మూడే.

గుమాస్తా మంచివాడే. ప్రాక్టికల్ దెబ్బ తీసింది మియా, అన్నాడు. ఎందుకు తక్కువ వచ్చాయో ఇక్కడ ఎవరూ అడగరట. మొత్తం కూడి, వరుసలో పెడతారట. అయిపోయింది.

ఇంట్లో బాపు: "ఫస్టు అంటివి గద. మల్ల ఎందుకియ్యలే?"

"నీకు సమజ్ కాదు బాపూ."

"అవు బిడ్డా, నాకెట్ల సమజైతది" అని నవ్వి, బర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయాడు. తిట్టినా బాగుండేది.

జూలై 20
బోనాలు. ఛత్రినాక అంతా డప్పులు. ఎదురైన ప్రతివాడూ "ఏం డాక్టర్ సాబ్, సూది ఎప్పుడేస్తవ్?" బాపే చెప్పి పెట్టాడు అందరికీ. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి.

చిన్నప్పటి నుంచీ ఆయనది ఒకటే మాట — "నా జిందగంత దొడ్డి గుమ్మం తాన్నే నిలబడ్డ. నువ్వు డాక్టరైతే ముందు దర్వాజకెల్లి పిలుస్తరు. సంచి గూడ వాళ్లే పట్టుకుంటరు."

ఆ ముందు దర్వాజా ఆయన ఒక్కసారి తట్టాడు. అది నాకు మూసుకుంది. బాపు మీద కోపమొస్తుంది. కోపమొచ్చినందుకు నా మీద నాకు అసహ్యమేస్తుంది.

జూలై 24
ఒకడు చేరలేదు. ఆ సీటు నా పైవాడికి పోయింది. ఇప్పుడు వరుసలో నేనే మొదటివాణ్ని. ఇంకో సీటు సంగతి సోమవారం కాలేజీ పెద్ద సారు తేలుస్తారట.

జూలై 27, ఆదివారం
చిన్న బర్రె మొన్న ఈనింది. అమ్మ మళ్లీ బెల్లం దంచింది. బాపు రుమాలు ఉతికి ఆరేశాడు. అదే ఇత్తడి గిన్నె తోముకున్నాడు.

"గా పెద్ద సార్ ఇల్లు దొరకబట్టిన బిడ్డా."

"వాళ్లకు మనం పాలు పొయ్యం గద బాపూ."

"అయితేంది? దువాకు పాలు పొయ్యాల్నా? తింటరో తినరో గీసారి ముందుగాలే అడుగుత, ఫికర్ చెయ్యకు."

మార్చిలో ఏం జరిగిందో చెప్పాలి. చెబితే ఆగిపోతాడు. ఇవాళ ఒక్కరోజుకు కాదు... ఇక ఎవరి ముందు దర్వాజా ఎక్కడు. రేపు నేను డాక్టరునై ఇల్లు కట్టినా, దొడ్డి గుమ్మం నుంచే వస్తాడు. చెప్పకపోతే — ఇదిగో, చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"నువ్వు గూడ రా. గిన్నె నువ్వే పట్టుకో, నీ చెయ్యి మంచిది."

"వస్తున్న బాపూ" అన్నాను. ఇంకా లేవలేదు.