మూడు ఫోటోలూ బాగానే ఉన్నాయి

రాయగడ, జూలై 2

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్లో మాట్లాడదామంటే మన కిరాణా కొట్టు నిండా చెవులే. అందుకే ఎప్పటిలాగే రైలు గార్డు అసిరయ్య గారి చేతికి ఉత్తరం ఇస్తున్నాను. మీ ఫ్యాక్టరీ వాళ్లిచ్చే ఫ్యామిలీ క్వార్టర్ దరఖాస్తుకి మీరడిగిన నా ఫోటో మెయిల్లో పంపాను. మీ తమ్ముడు సుమంత్ తన కొత్త ఫోన్‌తో తీశాడు. జేపీజీ ఫైలే కావాలన్నారుగా, పేరు చివరున్నదేదో చెరిపేసి జేపీజీ అని రాసేశాను. పని అయిపోయింది!

పెళ్లయి మూడేళ్లు. పండక్కీ పబ్బానికీ తప్ప మనం కలిసున్నదెప్పుడు? ఆఖరు తేదీ ఇరవై అట, మరిచిపోకండి.

మీ దగ్గరికి ఎప్పుడొస్తానా అని చూసే
ఝాన్సీ

కొరాపుట్, జూలై 6

ప్రియమైన ఝాన్సీ,

పిచ్చిదానా! బోర్డు మారిస్తే కొట్లో సరుకు మారుతుందా? పేరు మార్చావు గానీ లోపల ఫైలు అదే. ఆ దరఖాస్తు పేజీ తీసుకోదు. ఆన్‌లైన్లో ఫోటోలు మార్చే సైట్లుంటాయి. సుమంత్ తీసిన అసలు ఫోటో అందులో ఎక్కించి, జేపీజీ అని ఎంచుకో. మారిన ఫైలు దించుకుని నాకు పంపు.

ఇక్కడ ఒకటే వాన. ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఒక్కడికే వండుకోవడం బద్ధకం, రెండు పూటలా పెరుగన్నమే. నిన్న నీ చింతపండు చారు గుర్తొచ్చి ముద్ద దిగలేదు.

నీ సూర్యం

రాయగడ, జూలై 14

ప్రియమైన మీకు,

మీరు చెప్పినట్టే సైట్లో మార్చి పంపాను. ముఖం మసగ్గా ఉందన్నారు. ఇంకోటి తీయించి, మార్చి పంపాను. చెవి కనపడలేదన్నారు. ఇవాళ జడ బిగించి మూడోది తీయించుకుని పంపితే నీడ పడిందంటూ మెసేజ్ పెట్టారు.

పక్కింటి రోజారమణి అంది కదా, "ఏటే, మీ ఆయనకి ఫోటో కావాలా, వంక కావాలా?" అని. పైకి నవ్వేశాను గానీ లోపలికొచ్చి ఏడ్చాను. నేను రావడం మీకిష్టం లేదా? ఉన్నదున్నట్టు రాయండి. ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

మీ ఝాన్సీ

కొరాపుట్, జూలై 17

ప్రియమైన ఝాన్సీ,

ముందు నన్ను తిట్టి, తర్వాత చదువు. మూడు ఫోటోలూ బాగానే ఉన్నాయి. నేనే ఎక్కించలేదు.

మొన్న నేనొచ్చినప్పుడు అమ్మ రాయగడ స్టేషన్లో నా చెయ్యి పట్టుకుంది. "అమ్మిని అట్టుకెల్లిపోతే కొట్లో బిల్లులెవులు కొడతార్రా? నాకా కంప్యూటర్లో సూపు ఆనదు" అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీకు చెప్పడానికి నోరు రాలేదు. ఫోటో మీద నెపం పెట్టాను.

ఇంకో సంగతీ ఒప్పుకుంటున్నాను. వంక పెట్టినప్పుడల్లా నీ కొత్త ఫోటో వచ్చేది. ఆ మూడూ ఎదురుగా పెట్టుకునే అన్నం తింటున్నాను. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

నీ సూర్యం

రాయగడ, జూలై 19

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం అత్తయ్యకే చదివి వినిపించాను. "ఓలమ్మ, అమ్మి ఉంటే బాగుణ్ణన్నాను గానీ ఉంచీమన్నానేటి? ఆడికి నోరు నేదా? సుమంతుకి బిల్లులు నేర్పు, పో" అన్నారు.

నా కోపమంతా మీ మీదే. ఒక్క మాట చెప్పుంటే ఇద్దరం కలిసి ఆలోచించేవాళ్లం. మూడుసార్లు అద్దం ముందు కూర్చుని నా ముఖాన్నే తిట్టుకున్నాను.

మీ పాస్‌వర్డ్ నా పేరేగా! పొద్దున్నే కొట్టు కంప్యూటర్లో మీ దరఖాస్తు తెరిచాను. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని మూడు ఫోటోలూ చూశారు. "ఇందులో నవ్వుతున్నాది. ఇదెట్టు" అని మొదటిది చూపించారు. నిజమే, తర్వాతి రెండింట్లో నవ్వు లేదు.

ఫోటో నేను ఎక్కించాను. ఆఖరి బటన్ ఆవిడ నొక్కారు. పేజీ ఒక్క వంకా పెట్టకుండా తీసుకుంది.

చింతపండు మూట కడుతున్న
మీ ఝాన్సీ