ఎన్నేళ్ళు అని అడిగే గడి

ఆగస్టు 6, మంగళవారం

ఇక్కడ ఆగస్టంటే నడి చలికాలం. తెల్లారేసరికి నీళ్ళ తొట్టి మీద మంచు పలక. గొడ్డలి మడమతో పగలగొట్టాను.

యూనివర్సిటీ నుంచి వచ్చి నాలుగు నెలలు. ఇవాళ నాన్న తనంతట తాను నోరు తెరిచాడు. పాత ఆంబోతు కుంటుతోందట. ఇరవైమూడున గైరాలో వేలం ఉందట. నీ లెక్కలేవో వేసి ఏది కొనాలో చూడు అన్నాడు. అన్నది నాతోనే, చూసింది మాత్రం టిల్లీ వంక. మా నాన్న డెస్ మల్‌హర్న్ ముఖ్యమైన మాటలన్నీ కుక్కకే చెప్తాడు. పక్కనున్నవాళ్ళు వినాలి.

సిడ్నీలో వచ్చిన ఉద్యోగానికి ముప్ఫయ్యో తారీఖులోగా జవాబివ్వాలి. ఆ సంగతి ఆయనకు తెలుసు. వెళ్ళమనలేదు. ఉండమనలేదు.

ఆగస్టు 8

కేటలాగులో నలభై రెండు ఆంబోతులు. ఒక్కోదానికి వరసగా అంకెలు: దూడ పుట్టినప్పటి బరువు, ఏడాది బరువు, కూతుళ్ళు ఎన్ని ఈతలు నిలుస్తాయి, ఎంత నెమ్మది. ఏ గుణం మన మందకు ఎంత విలువో కట్టి, అన్నీ కలిపితే ఒక్కో ఆంబోతుకు ఒక్క డాలరు అంకె మిగులుతుంది. కంప్యూటరుకు క్షణం పని. కానీ ముందు కొన్ని ప్రశ్నలకు జవాబులు కావాలి. ఆ జవాబులు నాన్న తలలో ఉన్నాయి. ఆ తలకు లోపల గొళ్ళెం.

ఆగస్టు 11, ఆదివారం, సాయంత్రం నాలుగు

వంటింటి బల్ల దగ్గర కూచోబెట్టి అడిగాను. కోపిష్టి దూడలతో ఎంత నష్టమంటే చొక్కా ఎత్తి, ఒకప్పుడు దూడ తన్ని విరగ్గొట్టిన పక్కటెముకలు చూపించాడు. దీనికెంత వెయ్యమంటావంటే, ఆస్పత్రి పుడ్డింగు తినిపించినందుకు ఇంకో వంద కలుపు అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఎన్నాళ్ళయిందో.

చివర రెండు గడులు. పుట్టిన పెయ్యల్ని మందలో ఉంచుకుంటారా, అన్నీ అమ్మేస్తారా? ఎన్నేళ్ళ ముందుకు లెక్క కట్టాలి?

మొదటిదానికి నేను అడక్కుండానే 'ఉంచుకుంటాం' అని నింపేశాను. మా కొండవాలున మేసే ప్రతి ఆవూ నానమ్మ తెచ్చిన పదకొండు ఆవుల కూతుళ్ళ కూతురే.

"అన్నీ అమ్మేస్తాం. అయిదేళ్ళు వెయ్యి," అన్నాడు నాన్న.

కప్పు కడిగి, బోర్లించి, బయటికి వెళ్ళిపోయాడు.

అదే రోజు, అయిదున్నర

అయిదేళ్ళకు ఆయనకు అరవై ఎనిమిది. పెయ్యల్ని ఉంచుకోని మంద ఏటికేడు ముసలిదవుతుంది. ఆఖరి ఆవు లారీ ఎక్కాక గేటుకు తాళం.

ఈ మాట నాకు చెప్పలేదు. నా స్ప్రెడ్‌షీటుకు చెప్పాడు.

ఆగస్టు 12

అయిదు వేసి, పెయ్యల్ని అమ్మేస్తే, పద్నాలుగో నంబరు ఆంబోతు పైకొస్తుంది. బండ కండ. దాని కూతుళ్ళు ఎలాంటివో ఎవరికీ అక్కర్లేదు. ఇరవై వేసి, పెయ్యల్ని ఉంచుకుంటే, ముప్ఫయ్యొకటి. చిన్నది, నిదానం, కూతుళ్ళు పదేళ్ళు వరసగా ఈనే రకం.

అయిదు. ఇరవై. అయిదు. మధ్యాహ్నమంతా ఇదే పని.

ఆగస్టు 15

టామ్‌వర్త్ నుంచి లోర్నా అత్త ఫోను. నాన్నకు అక్క. మొత్తం చెప్పేశాను.

"వాడు నిన్ను అక్కడ కట్టెయ్యకూడదనుకుంటున్నాడే," అంది.

"కట్టేశాడని నేనెప్పుడైనా అన్నానా అత్తా?"

"ఉంటానని మాత్రం ఎప్పుడన్నావు?"

తన ఇరవై రెండో ఏట వాళ్ళ నాన్న ఉండమంటాడేమోనని చూసిందట. ఆయన అనలేదు, తను అడగలేదు. టామ్‌వర్త్ ఊరు మంచిదేనంది. రెండుసార్లు అంది.

ఉంటాననడానికి, ఉంటానో లేదో నాకే తెలియదు. ఇక్కడుంటే గట్టు మీదికెక్కి ఫోనుకు సిగ్నల్ పట్టుకుని సిడ్నీ అద్దెలు చూస్తాను. చదువుకని సిడ్నీలో ఆర్నెల్లున్నప్పుడు రైల్లో కోటు చెయ్యి వాసన చూసుకునేదాన్ని, ఎండుగడ్డి ఇంకా మిగిలిందేమోనని. నాకు కావలసింది ఒక్కటే. ఆయన అడగాలి. అడిగాక కాదంటానేమో, అది వేరే సంగతి.

ఆగస్టు 19

అడగలేదు.

ఆగస్టు 23, శుక్రవారం

వేలం. పాట పాడటానికి ఎత్తే బిడ్డు కార్డు నా చేతికిచ్చి, చలికి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. దొడ్లో పద్నాలుగును తిరిగి తిరిగి చూశాడు. ముప్ఫయ్యొకటి కంచెలోంచి నా కోటు చెయ్యి వాసన చూసింది. దానికేం తెలిసిందో.

పద్నాలుగు వచ్చింది. ధర మేమనుకున్నదానికి చాలా కిందే ఆగింది. నాన్న మోచేత్తో పొడిచాడు.

"అమ్మాయ్, కార్డు."

"అయిదేళ్ళ ఆంబోతుకు నా చెయ్యి లేవదు నాన్నా."

ముందు వరసాయన సాసేజీ రొట్టె నములుతూ వెనక్కి తిరిగాడు. సుత్తి పడింది, పద్నాలుగు ఇంకెవరికో పోయింది. నాన్న కార్డు లాక్కోలేదు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

ముప్ఫయ్యొకటి వచ్చినప్పుడు నేనాయన వంక చూశాను. ఆయన ఆంబోతు వంక చూశాడు. ఒక్క మాట చాలు. రాలేదు. నా చెయ్యీ లేవలేదు. ఎవరి మందకని ఎత్తను? వాల్కా ఊరివాళ్ళెవరో దాన్ని పాడుకుపోయారు.

ఖాళీ ట్రెయిలరు ఇంటిదాకా దడదడలాడింది. మా మధ్య టిల్లీ. దానితో కూడా మాట్లాడలేదు.

ఆగస్టు 26

ఎండుగడ్డి వేశాం. ఆయన కొండ పైన, నేను కింద.

ఆగస్టు 29, గురువారం, ఉదయం ఏడు

బల్ల మీద నా లెక్కల కాయితం. 'అమ్మేస్తాం' కొట్టేసి ఉంది. అయిదూ కొట్టేసి ఉంది. పక్కన ఏమీ రాయలేదు. కాయితం మీద అడ్డంగా పెన్సిలు, ఇప్పుడే చెక్కినట్టుంది. దాని కింద వచ్చే నెల వేలం కేటలాగు.

గడ్డి బండి కొండెక్కుతున్న చప్పుడు. ఇవాళ టిల్లీని వెంట తీసుకెళ్ళలేదు. నా కాళ్ళ దగ్గర కూచుని, మొహంలోకి చూస్తోంది.