మంచం వాపసు గడువు విషయమై

సంఘాల రిజిస్ట్రారు గారి సముఖమునకు, తాటిపాక వాస్తవ్యురాలు, ప్రైవేటు డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం చెప్పుకునే స్టెల్లా వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: కోనసీమ గృహరోగి సహాయ సంఘం – రిజిస్ట్రేషను దరఖాస్తు – తమ కార్యాలయం వారు తెలిపిన మూడు అభ్యంతరములు – జవాబులు సమర్పించుట – గురించి.

మా దరఖాస్తు మూడు అభ్యంతరాలతో వాపసు వచ్చినది. మూడూ న్యాయమైనవే. జవాబులు ఒక్కొక్క వాక్యంలో రాస్తే చాలునని తమ గుమాస్తా గారు సలహా ఇచ్చారు. అలాగే రాసి చూశాను. ఒక్కొక్క వాక్యంలో రాస్తే మూడూ అబద్ధాల్లా కనిపించాయి. అందుచేత ఈ క్రింది విధంగా మనవి చేసుకుంటున్నాను.

1. సంఘం పూర్వాపరాలు. మా మామగారు ఏసుదాసు మాస్టారికి పక్షవాతం వచ్చినప్పుడు మా అత్తగారు కృపమ్మ గారు ఒక హాస్పటల్ మంచం కొని తెప్పించారు. తల వైపు ఒక పిడి, కాళ్ల వైపు ఒక పిడి. తిప్పితే లేస్తుంది, తిప్పితే దిగుతుంది. పక్కలకు కమ్మీలు, పైన గాలి పరుపు. అత్తగారు నర్సుగా చేసి రిటైరైన మనిషి. మామగారు ప్రభువు సన్నిధికి వెళ్లిన తర్వాత మంచాన్ని మందునీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, పక్క వీధిలో అవసరం ఉన్నవారికి ఇచ్చారు. అక్కడి నుంచి అది ఇంకో ఊరు వెళ్లింది. హిందువుల ఇళ్లల్లో పసుపునీళ్లు చల్లి వాపసు పంపేవారు. మావాళ్ల ఇళ్లల్లో ప్రార్థన చేసి పంపేవారు. రెండింటి తర్వాతా అత్తగారు మందునీళ్లతో మళ్లీ కడిగేవారు. తేవడం, చేరవేయడం ట్రాలీ ఆటో తాతబ్బాయి గారి పని.

ఇంతకాలం దీనికి రిజిస్ట్రేషను అవసరం పడలేదు. ఇప్పుడు కాకినాడలో ఒక నర్సింగ్ హోమ్ మూతపడుతున్నది. ఇలాంటివే ఎనిమిది మంచాలు ఉచితంగా ఇస్తామన్నారు. రిజిస్టరైన సంఘానికైతేనే ఇస్తారట. అందుకే ఈ దరఖాస్తు.

2. అభ్యంతరం: "ఆస్తుల జాబితాలో మంచం ఒకటి, గాలి పరుపు ఒకటి అన్న తర్వాత అరటి గెల, కొబ్బరికాయలు, పూతరేకుల డబ్బా అని ఉన్నది. ఇవి ఆస్తులా, మంచానికి పుచ్చుకున్న అద్దెయా తెలుపవలెను."

దరఖాస్తు రాసిన రోజున అవి మా ఇంట్లో ఉన్నాయి. సంఘానికి వచ్చినవన్నీ చూపమన్నారు కనుక చూపాను. రాయకపోతే దాచినట్టవుతుంది, రాస్తే నవ్వుతారు. నవ్వించడం నేరం కాదని తేల్చుకుని రాశాను.

అవి అద్దె కాదు. మన వైపు పక్కింటి గిన్నె మనింటికి వస్తే దాన్ని ఖాళీగా తిరిగి పంపరు. కూర వచ్చిన గిన్నెలో నాలుగు నిమ్మకాయలైనా వేసి పంపుతారు. తమ ఇంట్లోనూ ఇదే పద్ధతి అయి ఉండవచ్చు. జనం దృష్టిలో కృపమ్మ గారి మంచం కూడా ఒక గిన్నె వంటిదే. మనిషి పోయి ఇల్లంతా ఏడుస్తున్నా సరే, దాని మీద ఏదో ఒకటి పెట్టందే తాతబ్బాయి గారి బండి కదలనివ్వరు. ఒకసారి కమ్మీలకు కట్టి రెండు కోడిపుంజులు వచ్చాయి. వాటిని జాబితాలో చూపలేదు. దరఖాస్తుకు ముందే వండేశాము.

3. అభ్యంతరం: "నియమావళి తొమ్మిదవ నిబంధనలో వస్తువు వాపసు గడువు అనే గడి ఖాళీగా ఉన్నది. పూరింపవలెను."

ఈ గడి మరచిపోయి వదిలినది కాదు. దీనిపై మా వరండాలో సమావేశం జరిగింది. సభ్యురాలు అమ్మాజీ గారు, "మూణ్ణెల్లు అని రాసేద్దారండి. సర్కారోళ్లకి ఏదో ఒక అంకె కావాలి కదండీ" అన్నారు. అందరూ "ఆయ్" అన్నారు. తాతబ్బాయి గారు మాత్రం గుమ్మం దగ్గర నుంచే అడిగారు.

"మూణ్ణెల్లు దాటేక మంచం మీద మనిషుంటే దింపడానికి ఎవరెళ్తారండీ? బండి నాదే అనుకోండి. నేనైతే ఎళ్లనండి."

మరొకరు "ఆరోగ్యం కుదుటపడే వరకు" అని రాయమన్నారు. దానికీ అందరూ "ఆయ్" అన్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఆ మంచం మీద నుంచి కుదుటపడి లేచిన వారు ఇంతవరకు లేరని అందరికీ తెలుసు.

అప్పుడు అత్తగారు అన్నారు: "వదిలెయ్యమ్మా స్టెల్లా. ఆ గడిలో ఏం రాయాలో డాక్టర్లకే తెలిసేది కాదు."

అందుచేత వదిలేశాను. రాయడం అంటే, అయ్యా, ఒక మనిషి ఎప్పటిలోగా పోవాలో సంఘం తరఫున తీర్మానించడమే. ఆ అధికారం ఏ చట్టం కిందనైనా మాకు ఉన్నదా అని వెతికాను. కనపడలేదు.

4. అభ్యంతరం: "సంఘానికి కనీసం ఏడుగురు సభ్యులు ఉండవలెను. ఏడవ సభ్యురాలు శ్రీమతి కృపమ్మ స్వయంగా హాజరై సంతకము ధ్రువపరచవలెను."

ఆమె హాజరు కాలేరు. దరఖాస్తు తమ కార్యాలయంలో ఉండగానే అత్తగారు నిద్రలో వెళ్లిపోయారు. తన కోసం మంచం తెప్పించే అవసరం ఎవరికీ కలగనివ్వలేదు. మరణ ధ్రువపత్రం తెచ్చి ఇస్తే గుమాస్తా గారు గౌరవంగా లేచి నిలబడ్డారు. కాసేపటికి కూర్చుని, "అయితే ఆరుగురే అయ్యేరండి" అన్నారు.

కొత్త సభ్యుని కోసం చాలామందిని అడిగాము. అడిగిన ప్రతివారూ "ఆయ్, దానికేముందండీ" అన్నారు. ఆ మాట అన్నవారందరినీ పోగుచేస్తే ఒక పంచాయతీ అవుతుంది. సంతకానికి మాత్రం ఒక్కరూ రాలేదు. మంచం సంఘంలో చేరితే తామే మంచాన పడతామని భయమట. ఎదురింటి ఆవిడ ఒక్కరే ఆ సంగతి ముఖం మీద చెప్పారు. "పూలమొక్కల సంఘం ఏదైనా పెట్టండి మేడమ్ గారూ, మొదటి సంతకం నాదేనండి" అన్నారు.

5. ఇది అభ్యంతరం కాదు. తమరు అడగలేదు. రాయకుండా ఉండవలసింది కూడా కావచ్చు.

ఆత్రేయపురంలో చిట్టెమ్మ గారని పూతరేకులు చేసే ఆవిడ ఉన్నారు. తుంటి ఎముక విరిగి నులక మంచం మీద పడుకున్నారు. వీపున పుండు పడింది. కోడలు వాణి ఫోను చేసి మా మంచం అడిగింది. మంచం అప్పటికి ఐ.పోలవరంలో, రొయ్యల చెరువు చేసుకునే గంగాధర్ గారి ఇంట్లో ఉంది. ఆయన తల్లి పోలమ్మ గారు దాని మీద ఉన్నారు.

"ఖాళీ అవగానే పంపిస్తామమ్మా" అని వాణికి చెప్పాను. ఆ మాటకు అర్థం ఏమిటో ఫోను పెట్టేశాక తెలిసింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే గంగాధర్ గారికి ఫోను చేసి తల్లి ఆరోగ్యం విచారించేదాన్ని. ఒక రోజు ఆయన సంతోషంగా, "ఇవాళ అమ్మ ఇడ్లీ తిందండి. ఇంకోటి కూడా ఏయించుకుందండి" అన్నారు. నేను "అయ్యో" అన్నాను. వెంటనే "మంచిదండి" అన్నాను. గంగాధర్ గారు మర్యాదస్తులు కనుక మొదటి మాట వినపడనట్టే ఊరుకున్నారు.

ఒకే మంచం ఉన్న సంఘం చేసే పని ఇదీ, అయ్యా. ఒకరికి మంచం వేయాలంటే మరొకరు దిగాలి. దిగే దారి ఒకటే. ఇది ధర్మకార్యమో, కాచుకు కూర్చోవడమో నాకు తెలియడం లేదు. పుస్తకాలు చదివిన దాన్ని కనుక తెలియాలి. ఇంకో ఎనిమిది మంచాలు ఉంటే ఎవరి ఇడ్లీకీ నేను అయ్యో అనను. రిజిస్ట్రేషను కోసం నేను ఇంతగా తిరగడానికి అసలు కారణం ఇదే. దరఖాస్తులో "ఉద్దేశ్యములు" అన్నచోట ఇది రాయలేకపోయాను.

ఆ తర్వాత గంగాధర్ గారి జవాబులు పొట్టివైపోయాయి. "అమ్మగారు ఎలా ఉన్నారండీ?" అంటే "మంచం జాగ్రత్తగానే ఉందండి" అనేవారు. చివరికి తాతబ్బాయి గారు అటు కిరాయికి వెళ్లి వచ్చి చెప్పారు.

"పోలమ్మ గారు పోయేరండి. సెంటర్లో ఫ్లెక్సీ కూడా కట్టేరు. పెద్దకర్మ అయిపోయిందంటండి. ఫోటోలో మాత్రం చాలా బాగా పడ్డారండి."

"మరి మంచం పంపలేదేమండీ?"

"ఏం పెట్టి పంపుతారండీ? చెరువులో రొయ్యంతా తెల్లమచ్చ రోగమొచ్చి పోయింది. కొబ్బరి చెట్టు ఒక్కటి లేదండి ఆయనకి. మళ్లీ చెరువు పట్టేక నాలుగు రొయ్యలెట్టి పంపుదారని ఆగేరు."

ఖాళీగానే పంపమని ఫోను చేయవచ్చు కదా అని తమరు అనవచ్చు. చేస్తే, చెరువు పోయిన సంగతి మాకు తెలిసిపోయిందని ఆయనకు తెలుస్తుంది. సభ్యులం ఆరుగురం కూర్చుని దీర్ఘంగా చర్చించి, ఎవరం ఫోను చేయకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాము. ఆ తీర్మానం పుస్తకంలో ఎక్కించలేదు.

ప్రస్తుత పరిస్థితి: చిట్టెమ్మ గారు ఆత్రేయపురంలో నులక మంచం మీద ఉన్నారు. మా మంచం ఐ.పోలవరంలో గోడకు ఆనించి ఉన్నది. అందరూ మర్యాదగానే ఉన్నారు.

6. నర్సింగ్ హోమ్ వారు నెలాఖరుకు భవనం ఖాళీ చేస్తున్నారు. అప్పటికి రిజిస్ట్రేషను పత్రం చూపలేకపోతే ఎనిమిది మంచాలూ పాత ఇనుము కొట్టుకు వెళ్తాయి. "కాయితం లేకుండా ఇస్తే ఆడిటరు గారు ఒప్పుకోరండి" అన్నారు మేనేజరు గారు. పాత ఇనుము వాళ్లకు కాగితం అక్కర్లేదా అని అడిగాను. అక్కర్లేదట.

కావున ఏడవ సభ్యుడు దొరికే వరకు వ్యవధి ఇప్పించి, తొమ్మిదవ నిబంధనలోని గడిని ఖాళీగా ఉంచనిచ్చి, మా సంఘాన్ని నమోదు చేయించవలసిందిగా ప్రార్థన. పై సంగతులన్నీ చిత్తగించవలెను. చిత్తగించడానికి వీలుకాని భాగాలు ఉన్నచో దాటవేయవలెను.

తమ విధేయురాలు,
స్టెల్లా
కార్యదర్శి (సంఘం ఏర్పడినచో)

తా.క.: ఈ అర్జీ కవరులో పెట్టి అంటించబోతుండగా తాతబ్బాయి గారి బండి మా గుమ్మంలో ఆగింది. బండిలో మంచం ఉంది. మంచం మీద, తల వైపు పిడి తిప్పి ఎత్తుగా లేపుకుని, కాళ్లు చాపుకుని గంగాధర్ గారు కూర్చుని ఉన్నారు. ఐ.పోలవరం నుంచి అలాగే వచ్చారట.

"దారి పొడుగునా ఏమైందండీ పాపం అని అడుగుతానే ఉన్నారండి" అన్నారు తాతబ్బాయి గారు. "ఏం కాలేదండి, మంచం ఇచ్చెయ్యడానికి ఎళ్తున్నారంటే ఒక్కడూ నమ్మడండి."

గంగాధర్ గారు దిగలేదు. నా వంక కాకుండా కమ్మీ వంక చూస్తూ చెప్పారు. "మంచం మీద ఏదో ఒకటి ఉండాలి కదండీ. ఇంట్లో ఏమీ లేదండి. నేనున్నానండి."

తాతబ్బాయి గారికి ఒక సంగతి తోచింది. "మీకు సంతకం వచ్చాండీ?" అని అడిగారు.

"ఇంటర్ తప్పేనండి. సంతకం మాత్రం బాగానే ఉంటదండి."

నిజంగానే బాగుంది. ఏడవ సభ్యుడు శ్రీ గంగాధర్ గారి సంతకం, ఆధార్ నకలు జతపరుస్తున్నాను. ఎప్పుడు పిలిస్తే అప్పుడు స్వయంగా హాజరు కాగలరు. పైన కోరిన వ్యవధి ఇక అక్కర్లేదు.

మంచం కడిగి, ఆరగానే ఆత్రేయపురం తీసుకెళ్లాము. గంగాధర్ గారు ఒక వైపు, తాతబ్బాయి గారు ఒక వైపు పట్టి చిట్టెమ్మ గారిని పడుకోబెట్టారు. ఆవిడ గాలి పరుపును చేత్తో నొక్కి చూసుకుని, నన్ను అడిగారు. "మళ్లీ ఎప్పటికి ఇచ్చెయ్యాలమ్మా?"

కోడలు వాణి మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోయింది.

"తొందరేం లేదండి" అన్నాను.

"అయితే సరే. తలవైపు ఇంకాస్త లేపమ్మా" అన్నారు.

తొమ్మిదవ నిబంధనలో గడువు అనే గడిని నేను ఆవిడకు చెప్పిన ఆ మాటతోనే పూరించి పంపుతున్నాను. గడి ఖాళీగా లేదు కనుక ఆ అభ్యంతరం కూడా తీరినట్టే భావిస్తున్నాను.

రిజిస్ట్రేషను విషయంలో మాత్రం తొందర ఉంది.