రెండు వేళ్లు తక్కువ

వీరులపాడు

దేవరాజ్ బాబాయ్‌కి వందనాలు. ఫోన్లో మీకు సరిగ్గా వినపడదని రాస్తున్నా.

నాన్న పోయాక తుపాకీ లైసెన్సు నా పేరుకు మారింది. ఈసారి మొక్కజొన్నను పందుల నుంచి కాచుకోవాల్సింది నేనే. భుజానికి ఆనించే వెనక కర్ర పగిలింది కదా, అది తీసేసి టేకుది చెయ్యనా, తేలికైన ప్లాస్టిక్‌ది తెప్పించనా అని జగ్గయ్యపేటలో మీ షాపుకి తెచ్చినప్పుడు మీరు అడిగారు. పాతది రెండు వేళ్లు తక్కువుందని, "ఏ కొలత తెలియనోడు కోశాడమ్మా?" అని కోప్పడ్డారు కూడా.

ఇంటికొచ్చి అమ్మను అడిగా. నాన్నే కోశాడట. డిగ్రీ చదివేటప్పుడు నేనూ పందుల్ని కొడతానని పేచీ పెట్టా. నా చెయ్యి ట్రిగ్గరుకు అందడం లేదని రంపం తీశాడట. ఈలోగా నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, తుపాకీ ముట్టుకోనేలేదు.

ఇరవై ఏళ్లు ఆ పొట్టి కర్రతోనే కాల్చాడు. తనకది చాలక, కాల్చినప్పుడల్లా తుపాకీ వెనక్కి తన్ని బొటనవేలు ముక్కుకు కొట్టుకునేది. ఎర్రబడ్డ ముక్కుతో చేలోంచి వస్తుంటే పడీపడీ నవ్వేదాన్ని. తనూ నవ్వేవాడు, సంగతి మాత్రం చెప్పలేదు.

కొత్తది వద్దు బాబాయ్. పగులు అతికించండి, కొలత మార్చకండి. మీకిచ్చే ముందు భుజానికి ఆనించి చూశా. బొటనవేలు నా ముక్కుకు తగల్లేదు.

మీ ఏలీయా అన్న కూతురు